బ్రేకు రోజు

నోటీసు బోర్డు ముందు జనం పలచబడేదాకా మధులత మెట్ల దగ్గరే ఆగింది. తోసుకుని ముందుకు పోయి చూడాల్సినంత తొందర ఆమెకు లేదు. తన పేరు ఉంటుందని తెలుసు కాబట్టి.

పద్నాలుగేళ్ల తర్వాత ఆరోగ్యదీప వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు రీసెర్చ్ ఆఫీసర్ పోస్టులు వేశారు. ఆరు పోస్టులు, ఆరూ పర్మనెంటువే. వాటిలో ఒకటి కిడ్నీ పరిశోధన ల్యాబ్‌ది. ఆ ల్యాబ్‌లో మధులత పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద చేస్తున్నది సరిగ్గా ఆ పనే. పంజాగుట్ట సందులో ఉన్న ఆ ఐదంతస్తుల భవనంలో, ఏ ఫ్రీజర్‌లో ఏ అరలో ఎవరి రక్తం ఉందో ఫైలు తెరవకుండా చెప్పగలిగే మనిషి ఆమె ఒక్కతే. పోస్టుకి వయసు పరిమితి ముప్పై ఎనిమిది. ఆమెకు వచ్చే నెల ముప్పై ఎనిమిది నిండుతాయి. ఈసారి పోతే ఇక మళ్లీ అనేది లేదు.

అర్హుల జాబితాలో ఆమె పేరు కనబడలేదు. వేలు పెట్టి రెండోసారి చదివింది. లేదు. పక్కనే అనర్హుల జాబితా అంటించి ఉంది. పదిహేడో నంబరు, కె. మధులత. కారణం: నిరంతర అనుభవం లేదు.

"లేదా?" అని పైకే అనేసింది. పక్కనెవరో తిరిగి చూశారు.

కింద చిన్న అక్షరాల్లో, అభ్యంతరాలు బుధవారం పదకొండు గంటలకు రిజిస్ట్రార్ గదిలో వింటామనీ, తుది జాబితా గురువారం మధ్యాహ్నం పెడతామనీ ఉంది. ఆమె అది కూడా రెండుసార్లు చదివి, తిన్నగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ కిటికీ దగ్గరికి నడిచింది.

కిటికీ వెనక సూపరింటెండెంట్ అచ్యుతరావు స్కేలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా 'ఏంటండీ' వదలని మనిషి. అతని టేబుల్ మీద పెన్నులు కూడా ఎత్తు వరసలో నిలబడతాయి. ఆమెను చూడగానే ఎందుకొచ్చిందో తెలిసిపోయి, ఆమె సర్టిఫికెట్ తీసి కిటికీలోంచి చూపించాడు.

"నేను తీసెయ్యలేదమ్మా, రూలు తీసేసింది. ఇది మా సెక్షన్ ఇచ్చిన అనుభవ పత్రమే. సంతకం నాదే. చూశారా, ఇరవై రెండు లైన్లు. ఒక్కో లైనూ నూట డెబ్భై తొమ్మిది రోజులు. లైనుకీ లైనుకీ మధ్య ఒక రోజు ఖాళీ."

ఆ ఖాళీ పేరు బ్రేకు. కాంట్రాక్టు వాళ్లు వరసగా పనిచేసి ఎక్కడ హక్కులు అడుగుతారోనని, నూట ఎనభయ్యో రోజున వాళ్లని ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటారు. హాజరు పట్టీలో ఆ రోజు గడికి అడ్డంగా అచ్యుతరావు స్కేలు పెట్టి ఎర్ర గీత గీస్తాడు. ఎంత తిన్నగా గీస్తాడంటే, చూసినవాళ్లకి అదేదో మర్యాద చేసినట్టు అనిపిస్తుంది.

"మొత్తం కలిపితే పదకొండేండ్లు ఉన్నది గద సార్?"

"కాదనను. కానీ ముక్కలుగా ఉంది. నోటిఫికేషన్‌లో అడిగింది ఆరేళ్లు, నిరంతరంగా. మీకున్నది ఆర్నెల్ల అనుభవం అమ్మా. ఇరవై రెండు సార్లు."

అతను వెటకారంగా అనలేదు. లెక్క చెప్పాడంతే. అందుకే ఆమెకు ఒళ్లు మండింది.

"బ్రేకు మీరే పెడ్తిరి. ఇప్పుడు బ్రేకున్నదని మీరే తీసేస్తిరి."

"పెట్టింది పాలసీ. గీత గీసింది నేను."

"ఆ బ్రేకు రోజుల్ల నేను ల్యాబ్‌కు రాలేదనుకుంటున్నరా?"

అచ్యుతరావు కళ్లజోడు తీసి తుడిచాడు. "ఆ మాట నాకు వినబడలేదు. రిజిస్టర్లో లేని మనిషి లోపలికొస్తే అది సెక్యూరిటీ వాళ్ల సంగతి, నా సెక్షన్‌ది కాదు." కళ్లజోడు పెట్టుకుని, కొంచెం మెత్తబడి, "ఈ గురువారం మీకు మళ్లీ బ్రేకు, గుర్తుందిగా? ఆర్డరు టైపయిపోయింది," అన్నాడు.

మంగళవారం పెంటయ్య వచ్చే రోజు. ఖైరతాబాద్‌లో ఆటో తోలే ఆయన, ఏడేళ్లుగా మూడు నెలలకోసారి వచ్చి ఒక ట్యూబు రక్తం ఇచ్చి పోతున్నాడు. మధులత ఆయన కుడిచెయ్యి అందుకుని వదిలేసి, ఎడమచెయ్యి చాపమంది. పోయినసారి సూది గుచ్చింది కుడిచేతికని ఆమెకు గుర్తుంది, ఆయనకు లేదు. బొటనవేలితో నరం మీద రెండుసార్లు నొక్కి చూసి, మాట్లాడుతూనే సూది దింపింది.

"నువ్వు గుచ్చితే సూది ఎరుకనే గాదు బిడ్డా," అన్నాడు పెంటయ్య. "ఈడ కొత్తోళ్లని పెడ్తరట గద? నువ్వు పోతవా ఏంది?"

"నేనెక్కడికి పోత తాతా. నువ్వు డాక్టరు చెప్పిన దానికన్న నీళ్లు ఎక్కువ తాగకు, చాలు."

రక్తం గడ్డకట్టేదాకా అరగంట ఆగింది. ట్యూబుని యంత్రంలో పెట్టి, ఎదురుగా అంతే బరువున్న నీళ్ల ట్యూబు పెట్టి తిప్పింది. ఎరుపు కిందికి దిగి, పైన పలచటి పసుపు నీరు తేరింది. దాన్ని పిపెట్‌తో ఐదు చిన్న ట్యూబుల్లోకి తీసి, నంబర్లు అంటించి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ తెరిచింది. తెల్లటి చలి పొగ మోచేతుల దాకా వచ్చింది. మూడో అర, నాలుగో పెట్టె. పెట్టేసి, తలుపు మూసి, అంకె నిలబడేదాకా ఆగి, తలుపుకి వేలాడుతున్న షీటులో టైము రాసి, డిగ్రీలు రాసి, చివరి గడిలో సంతకం చేసింది. ఆ గడి మీద 'చూసినవారి సంతకం' అని ఉంటుంది.

పెన్ను మూత పెట్టబోయి ఆగిపోయింది.

ఆ ఫ్రీజరూ ఆమే ఒకే నెలలో ఆ ల్యాబ్‌లో చేరారు. దానికి ఉష్ణోగ్రత దానంతటదే రాసుకునే యంత్రం ఉన్నా, ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్ వంశీధర్‌కి యంత్రాల మీద నమ్మకం లేదు. ఉదయం ఎనిమిదికొకసారి, సాయంత్రం ఐదింటికొకసారి మనిషి వెళ్లి చూడాలి. కంటితో చూడని అంకె రాయకూడదు, చూసినవాళ్లే సంతకం పెట్టాలి. ఇది ఆయన ల్యాబ్‌లో అన్నిటికన్నా పెద్ద రూలు. మధులత సెలవు పెడితే పక్క ల్యాబ్ వాళ్లకు అప్పజెప్పి వెళ్లేది. బ్రేకుకి మాత్రం అలా అప్పజెప్పే పద్ధతి లేదు. 'ఒకసారి వచ్చి చూసిపో' అనేవారు సార్. ఆమె క్యాంటీన్ వెనక గేటులోంచి వచ్చి, హాజరు పట్టీ జోలికి పోకుండా, సాయంత్రం దాకా పని చేసి వెళ్లేది. హాజరు పట్టీలో సంతకం చేయలేదు. కానీ ఈ షీటులో చేసింది.

బీరువాలోంచి పాత షీట్ల కట్టలు దించి, ఇరవై ఒక్క బ్రేకు తేదీలూ వెతికింది. గంటన్నర పట్టింది. ఇరవై ఒకటికీ ఉన్నాయి సంతకాలు. ఆమెకు నవ్వొచ్చింది. కట్ట చంకలో పెట్టుకుని వంశీధర్ గదిలోకి వెళ్లింది. ల్యాబ్ కాగితం ల్యాబ్ గడప దాటాలంటే ఆయన్ని అడగాలి మరి.

వంశీధర్ మొదటి షీటు చూసి మెచ్చుకున్నాడు కూడా. "ఎంత నీటుగా ఉందో చూడు. ఇది నేను ఢిల్లీ మీటింగులో చూపించాలి." రెండోది చూశాడు. మూడోది చూసేసరికి సంగతి అర్థమై, కట్ట మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇవి బయటికి ఇవ్వలేను మధులతా."

"ఎందుకు సార్?"

"ఉద్యోగంలో లేని మనిషిని రోగుల శాంపిళ్లున్న గదిలోకి రానిచ్చానని నాకు నేనే రాసిచ్చినట్టు అవుతుంది. ఇరవై ఒక్కసార్లు! మెమో ఇస్తారు. వచ్చే ఏడాది డీన్ పోస్టుకి నా పేరు వెళ్తోంది."

"రమ్మన్నది మీరే గద సార్."

"రమ్మన్నాను." ఆయన తల దించుకోలేదు. "రిజిస్టర్లో పెట్టకుండా రమ్మన్నాను. తప్పే. కానీ విను, జనవరిలో కొత్త ప్రాజెక్టు వస్తోంది. మూడేళ్లది. మొదటి పేరు నీదే రాస్తాను. నా మాట నమ్ము."

ఆమె నమ్మింది. అదే వచ్చిన చిక్కు. ఆయన రాస్తానంటే రాస్తాడు. ఆయన చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేదో అనిపించింది.

"మూడేండ్లంటే ఇంకో ఆరు లైన్లు సార్," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆమె కట్ట తీసుకెళ్లి, ఏ తేదీ చోట ఆ తేదీ సర్ది, బీరువా తాళం వేసింది. చేతులు మామూలుగానే పనిచేశాయి. లోపల మాత్రం, పదకొండేళ్లలో ఎప్పుడూ లేనంత కోపంగా ఉంది.

మధులత భర్త మహిపాల్ జిరాక్స్ షాపు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు మెట్ల కింద ఉంది. సాయంత్రం క్లాసులు వదిలాక కౌంటరు మీద మోచేతులు తప్ప ఇంకేమీ కనబడవు. ఏ కంపెనీకి ఏ ఫోటో పెట్టాలో, రెజ్యూమెలో ఏది ముందు రాయాలో తనకు తెలిసినంత పైన పాఠాలు చెప్పే సార్లకు తెలియదని అతని నమ్మకం. భార్య దరఖాస్తుని అతనే మూడు సెట్లు తీసి, స్పైరల్ వేసి, పైన ప్లాస్టిక్ షీటు కూడా పెట్టి ఇచ్చాడు. అది తిప్పికొట్టారంటే తన మెషీన్‌ను తిట్టినట్టే ఉంది అతనికి.

"ఎవడన్నడు నిరంతరం లేదని?" గుంపు తగ్గాక స్టూలు లాగి ఆమెను కూర్చోబెట్టాడు. "లాక్‌డౌన్ల బ్రేకు రోజు నిన్ను బండి మీద తోలుకపోయింది నేనే గద. చౌరస్తల పోలీసాయన కార్డు చూపియ్యుమంటే, నీ కార్డు డేటు నిన్నటితోని ఐపోయి ఉండె."

"ఫ్రీజర్ ఫోటో చూపిస్తే, ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీనా అన్నడు."

"మన బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాడు సుత పోయినవ్. అమ్మ వారం రోజులు నీతోని మాట్లాడలే. గవన్నీ రాసిన." కంప్యూటర్ వైపు చూపించాడు. రెండు పేజీల అభ్యంతర పత్రం. భారత రాజ్యాంగంతో మొదలై, మధ్యలో నాలుగుసార్లు 'ఘోర అన్యాయం' అని ఉండి, కోర్టుతో ముగిసింది.

"సార్ షీట్లు ఇయ్యనన్నడు," అంది మధులత.

"ఇయ్యకుంటే ఏంది? ఫోన్ల ఫోటోలు కొట్టుకురాలేకపోయినవా?"

"ల్యాబ్ కాగితం అడగకుండ తీసుకపోతే నాకు మెమో ఇస్తరు."

"ఇయ్యనీ! నీకు మెమో ఇయ్యాల్నంటే ముందుగాల నువ్వు ఆ రోజు ఉద్యోగంల ఉన్నవని వాళ్లే ఒప్పుకోవాలె గద. నువ్వు లేనేలేకపోతే మెమో ఎవనికిస్తరు, ఫ్రీజర్‌కా?"

ఆమె నవ్వబోయి ఆగింది. "ఇంకోసారి చెప్పు."

"ఏం చెప్పాలె? లేని మనిషికి మెమో..."

"జర జరుగు," అని అతన్ని లేపి తనే కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు పేజీలూ చెరిపేసింది. మహిపాల్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆమె రెండు వాక్యాలు కొట్టింది. 'కింద ఇచ్చిన ఇరవై ఒక్క తేదీలలో నేను విధుల్లో లేనని మీ రికార్డులో ఉన్నది. ఆ తేదీలలో కిడ్నీ పరిశోధన ల్యాబ్ ఫ్రీజర్ రీడింగులు చూసి రాసినవారి పేరు దయచేసి తెలియజేయగలరు.' కింద తేదీలు.

"ఇంతేనా?" అన్నాడు మహిపాల్. "ఒక్క తిట్టు సుత లేదు."

"అక్కర్లే."

"బోల్డ్‌లనన్న పెట్టనా?"

"వద్దు. సాదాగ తీయి. మూడు కాపీలు."

బుధవారం రిజిస్ట్రార్ గదిలో అభ్యంతరాలు ముగ్గురివే ఉన్నాయి. ఆఖరున పిలిచింది మధులతని. ఆమె ల్యాబ్ సంగతి కాబట్టి వంశీధర్‌ని కూడా రమ్మన్నారు. అచ్యుతరావు హాజరు పట్టీలు ఒళ్లో పెట్టుకుని గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

రిజిస్ట్రార్ కుసుమకుమారి ఒకప్పుడు మత్తు డాక్టరు. ఆపరేషన్ థియేటర్లో ఇరవై ఏళ్లు నిలబడినందుకో ఏమో, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. కాగితం ఒకసారి చదివి, పెన్సిల్ మొదలు బల్లకి ఆనించి ఇంకోసారి చదివింది.

"ఇది అభ్యంతరం కాదు కదమ్మా. ప్రశ్న."

"అవును మేడం."

"ఆ రోజుల్లో మీరు వచ్చానంటారా?"

"నేనేం అంటలేను మేడం. రాలేదని రికార్డున్నది. మరి ఎవరొచ్చిండ్రో తెలిస్తే మంచిదని."

కుసుమకుమారి పెదవి చివర ఏదో కదిలి సర్దుకుంది. వంశీధర్ వైపు తిరిగింది. "మీ వార్షిక నివేదిక నా బీరువాలోనే ఉంది డాక్టర్ గారూ. ఫ్రీజర్ పెట్టిన రోజు నుంచి ఒక్కరోజు కూడా తప్పకుండా మనిషి స్వయంగా చూసి రాశారని మీరే రాశారు. ఈ ఇరవై ఒక్క రోజులూ ఎవరండీ ఆ మనిషి?"

వంశీధర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజుల్లో నేనే..." అని ఆగాడు.

ఆయన 'నేనే చూశాను' అనేస్తే అయిపోయినట్టే. షీట్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి, కాదని చెప్పడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు. మధులత అడ్డం పడలేదు. ఆయన వైపు చూస్తూ నిలబడింది. ఆయన చేతిలోని కాగితం మీద తేదీల వెంట వేలు కిందికి జరిపాడు. చివరిదాకా పోయి ఆగాడు.

"నేనే అని చెప్పలేను మేడం," అన్నాడు. "నేను చూడలేదు. చూడని అంకె నాదని ఎలా చెప్తాను? మధులత వచ్చింది. నేనే రమ్మన్నాను."

గోడవారన అచ్యుతరావు దగ్గాడు. "మేడం, ఇది గనక రికార్డు మీద పెడితే ఈ అమ్మాయితో ఆగదండి. మనకి కాంట్రాక్టు వాళ్లు నూట నలభై మంది. బ్రేకు రోజున బ్లడ్ బ్యాంకు మూసేశామా? ఎక్స్‌రే మూసేశామా?" అడిగేశాక, తన ప్రశ్న తనకే కొత్తగా వినబడినట్టు నోరు మూసుకున్నాడు.

కుసుమకుమారి కాసేపు పెన్సిల్ తిప్పింది. "మధులత గారూ, మీ పని గురించి నాకు తెలుసు. ఒక్కరోజు విరామాల్ని మన్నించే అధికారం నాకుంది. మీ పేరు జాబితాలో చేరుస్తాను. మీరు ఈ కాగితం వెనక్కి తీసుకోండి. విరామ దినాల్లో విధులకు రాలేదు, అయినా సానుభూతితో పరిశీలించమని ఒక్క వాక్యం రాసివ్వండి. చాలు."

ఒక్క వాక్యం. మధులతకు ఆశ పుట్టింది. సిగ్గుపడకుండా చెప్పాలంటే, గట్టిగానే పుట్టింది. వచ్చే నెల ముప్పై ఎనిమిది. ఇంటర్వ్యూలో తను జవాబు చెప్పలేని ప్రశ్న ఏదీ ఉండదని ఆమెకు తెలుసు. చెయ్యి కాగితం దాకా వెళ్లింది కూడా. 'విధులకు రాలేదు' అన్న మాటలు ఎలా ఉంటాయో మనసులో రాసి చూసుకుంది. లాక్‌డౌన్‌లో ఖాళీ రోడ్డూ, కల్యాణం నాడు గుడి వీధిలో జనానికి ఎదురు నడిచిన నడకా గుర్తొచ్చాయి. ఆమె చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"రాలేదని రాయలేను మేడం. వచ్చిన గద."

"అయితే నేను హామీ ఇవ్వలేను."

"సరే మేడం."

"చూడండి డాక్టర్ గారూ," కుసుమకుమారి కాగితాన్ని ఫైలులో పెట్టింది. "మీరిప్పుడు అన్నది రేపు ఉదయం పదిలోపు రాతలో నాకు కావాలి. రాకపోతే రిజిస్టరే చెల్లుతుంది."

వంశీధర్ గడియారం చూసుకుని లేచాడు. బయటికొచ్చాక మధులత కూలర్ దగ్గర మూడు గ్లాసుల నీళ్లు తాగింది. భయమేసింది. కానీ తప్పు చేశాననిపించలేదు.

సాయంత్రం ఐదింటి రీడింగు చూసి, సంతకం చేసి, ఒక కాగితం వంశీధర్ టేబుల్ మీద పెట్టింది. "రేపు నాకు బ్రేకు సార్. రేపు రాను. పొద్దుగాల ఫ్రీజర్ ఎట్ల చూడాలెనో ఇండ్ల రాసిన. రేపు శాంపిళ్లు ఇచ్చేటోళ్లు ఎవ్వరూ లేరు, నేను చూసుకున్న."

"కోపమా?"

"కోపమే సార్." ఆమె దాచుకోలేదు. "కానీ అందుకు గాదు. రేపు నేను ఉద్యోగంల లేను. లేనప్పుడు లేకుండ ఉండి చూద్దామని."

గురువారం ఉదయం బల్కంపేటలో ఇంట్లో, ఎనిమిది గంటలకు, మధులత చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. అత్త భూలక్ష్మి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏంది బిడ్డా ఇంట్లున్నవ్? పానం బాగలేదా?"

"బాగనే ఉన్న అత్తమ్మా. ఇయ్యాల బ్రేకు."

"గా బ్రేకు నాడే గద నువ్వు అందరికన్న ముందుగాల ఉర్కుతుంటివి."

మధులత చూపు గడియారం మీదికి పోతోంది. ఒకే కాయను రెండుసార్లు ఒలిచింది. ఎనిమిదీ పదికి ఫోను మోగింది.

"మైనస్ డెబ్భై నాలుగు చూపిస్తోంది," వంశీధర్ గొంతులో కంగారు. "పాడైందా?"

"తలుపు తెరిచిండ్రా సార్?"

"లోపల ఒకసారి చూద్దామని."

"తెరవద్దని రాసిన గద సార్. మూసి ఇరవై నిమిషాలు ఆగుండ్రి. అంకె కదలకుండ ఉన్నంక రాయుండ్రి."

ఇరవై నిమిషాలు గడిచాయి. మళ్లీ ఫోను. "ఎనభైకి దిగింది. ఎనిమిదీ ముప్పై రెండు అని టైము వేశాను. నా సంతకం పెట్టాను. ఈ షీటులో పైనున్నవి దాదాపు అన్నీ నీవే మధులతా. నాదొక్కటి కింద వికారంగా ఉంది."

"ఏం గాదు సార్. చూసినోళ్లదే ఉండాలె."

అటువైపు షీటు తిరిగి తలుపుకి తగిలించిన చప్పుడు వినబడింది. "ఉత్తరం నిన్ననే రాశాను. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు కిందికి వెళ్లి ఇచ్చేస్తాను. మెమో ఇస్తే ఇవ్వనీ." ఆమె ఏదో అనేలోపే పెట్టేశాడు.

తొమ్మిదీ ముప్పావుకి అచ్యుతరావు చేశాడు. "ఏంటమ్మా, ఇంకా ఇంట్లోనే ఉన్నారా? వచ్చి సర్టిఫికెట్ పట్టుకెళ్లండి. దాని కాపీ పెడితేగానీ మధ్యాహ్నం జాబితా అవదు."

చేతులు కడుక్కోవడం కూడా సరిగా కాలేదు. అలవాటుగా ఆటోని క్యాంటీన్ సందులోకి తిప్పమనబోయి ఆగి, ముందు గేటు దగ్గర దిగింది. ఎస్టాబ్లిష్‌మెంట్ కిటికీ ముందు లైను ఉంది. పాతిక మంది దాకా ఉంటారు. ఎప్పుడూ ఖాళీగా ఉండే వరండా అది. లైను చివర బ్లడ్ బ్యాంకులో పనిచేసే సుమశ్రీ నిలబడి ఉంది, ఆమె ముందు ఎక్స్‌రే కామరాజు. ఇద్దరి చేతుల్లోనూ చీటీలు.

"ఏంది ఈ లైను?"

"మా బ్రేకు తేదీలు," అంది సుమశ్రీ. "ఆ రోజుల్లో రక్తం సంచులు ఎవరిచ్చారో పేరు చెప్పమని అడుగుతున్నాం. మీరు అడిగారంట కదా. నిన్న సాయంత్రానికే అందరికీ తెలిసిపోయింది. మీరు ముందుకెళ్లండి అక్కా."

మధులత ముందుకు వెళ్లలేదు. సుమశ్రీ వెనకే నిలబడింది. వరస నిదానంగా కదిలింది. తన వంతు వచ్చేసరికి అచ్యుతరావు టేబుల్ మీద చీటీల గుట్ట పేరుకుని ఉంది, పెన్నుల వరస చెదిరిపోయింది. అతను ఆమె వైపు కోపంగా చూద్దామనుకున్నాడు కానీ కుదరలేదు. సర్టిఫికెట్ జరిపాడు.

ఒకే లైను. చేరిన తేదీ నుండి నేటి వరకు, పది సంవత్సరాల పది నెలలు, నిరంతరాయంగా. కింద కుసుమకుమారి సంతకం.

ఆమె రీడింగు సరిచూసినట్టు రెండుసార్లు చదివింది. "నేటి వరకు అంటే ఇయ్యాల సుత కలిసిందా సార్?"

"ఇవాళ మీకు బ్రేకు కదా," అంటూ హాజరు పట్టీ తెరిచాడు. ఆమె గడిలో ఎర్ర గీత పొద్దున్నే పడి ఉంది, ఎప్పటిలాగే తిన్నగా.

"మరి నేటి వరకు అని రాసిండ్రు. మేడం సంతకం సుత ఉన్నది."

అచ్యుతరావు సర్టిఫికెట్ చూశాడు. పట్టీ చూశాడు. ఆమె వెనక కొత్తగా వచ్చి చేరిన నలుగురిని చూశాడు. స్కేలు తీసి సొరుగులో పడేసి, పట్టీని ఆమె వైపు తిప్పి, తన పెన్నే చేతికిచ్చాడు.

"గీత మీదే పెట్టెయ్యండమ్మా సంతకం. టైము తొమ్మిదిన్నర వేసెయ్యండి, గొడవుండదు."

మధులత తలెత్తి అతని వెనక గోడ గడియారం చూసింది. పది నలభై ఐదు. గీత మీద సంతకం చేసి, పక్కన పది నలభై ఐదు అని రాసింది.